హామిల్టన్ 4992బీ: కొనే ముందు వెనక మూత తీయించి చూడండి

పాత మిలిటరీ జేబు గడియారాల్లో మొదట ఏది కొనాలని అడిగితే నేను హామిల్టన్ 4992బీ పేరే చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాయుసేన నావిగేటర్ల కోసం పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో తయారైంది. నల్ల డయల్, 24 గంటల అంకెలు, గంటల ముల్లు గ్రీనిచ్ టైమ్ చూపిస్తూ రోజుకి ఒక్కసారే తిరుగుతుంది. కీ ఇచ్చే బుడిపె పైకి లాగగానే సెకన్ల ముల్లు ఠక్కున ఆగిపోతుంది కాబట్టి రేడియో సిగ్నల్‌తో సెకను తేడా లేకుండా కలుపుకోవచ్చు, అది సోకు కోసం పెట్టింది కాదు మరి, నక్షత్రాల్ని చూసి లెక్కకట్టేటప్పుడు 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర విమానం ఉన్న చోటు ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కి.మీ.) జరిగిపోతుంది! లోపలి 22 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న మూవ్‌మెంట్, అంటే గడియారాన్ని నడిపే యంత్రం, ఎంత చూసినా తనివి తీరదు.

రోజూ వాడటానికి మాత్రం ఇబ్బందే. మధ్యాహ్నం 12కి ముల్లు కిందికి చూస్తుంటుంది, చెయ్యి జారితే లోపల అటూఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరిగే ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్‌లో డయల్ ఫొటో ఒక్కటే పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి, మూవ్‌మెంట్ ఫొటో అడగండి, దాని మీది సీరియల్ నంబరు 4సీ (4C)తో మొదలవ్వాలి. డయల్‌కి కొత్తగా రంగు వేయించి ఉంటే నేనైతే వదిలేస్తాను.