బాబిలాన్ 5 డీవీడీలు, బ్లూరే: సాల్మన్ ఊరబెడుతూ ఇరవై ఏళ్లు

బాబిలాన్ 5 అంటే 1990ల నాటి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్, అదే పేరున్న అంతరిక్ష కేంద్రంలో నడిచే కథ. దాని డీవీడీ సెట్టు కొన్నది 2005లో, సియాటిల్‌లో ఒక పాత పుస్తకాల షాపులో. ఐదు సీజన్లకి ఐదు అట్టపెట్టెలు. అప్పటినుంచి రెండేళ్లకోసారైనా మొదటినుంచి చివరిదాకా చూస్తూనే ఉన్నాను. బ్లూరే 2023 డిసెంబర్‌లో వచ్చింది, ఆ వారమే కొన్నాను. రెండూ బాగా వాడాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

డీవీడీల్లో పెద్ద లోపం బొమ్మే. నటుల్ని వెడల్పాటి ఫ్రేముకి సరిపోయేలా ఫిల్ముమీద తీశారు. అంతరిక్ష నౌకల్ని మాత్రం కంప్యూటర్లో పాత టీవీ కొలతకే చేశారు. డీవీడీకి వచ్చేసరికి గ్రాఫిక్స్ ఉన్న షాట్లని పైనా కిందా కోసి, సాగదీసి వెడల్పు చేశారు. దాంతో అవి మసకబారాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి బొమ్మ అలుక్కుపోయిందంటే, ఇంకో క్షణంలో ఏదో పేలుతుందని మాకు ముందే తెలిసిపోయేది. సస్పెన్స్ మొత్తం పోయేది.

బ్లూరేలో ఆ బాధ లేదు. ఫిల్ముని మళ్లీ స్కాన్ చేసి పాత 4:3 కొలతకే తెచ్చారు. మొహాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే గ్రహాంతర దూత జి'కార్ చర్మం మీద మచ్చలు లెక్కపెట్టొచ్చు. నౌకలు మాత్రం 1990ల నాటి కంప్యూటర్ బొమ్మల్లాగే ఉంటాయి, దానికేం చేయలేం. మా మరిది మొదటిసారి చూసి, "వదినా, టీవీకి రెండు పక్కలా నల్లగా ఉందేంటి, చెడిపోయిందా?" అన్నాడు. అలవాటు పడటానికి రెండు ఎపిసోడ్లు చాలు. రచయిత జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ మాట్లాడే వ్యాఖ్యానాలు మాత్రం బ్లూరేలో లేవు, అందుకే డీవీడీలు అవతల పారేయలేదు.

కథ సంగతికొస్తే, 110 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. మూడు, నాలుగు సీజన్లు పూర్తిగా ఆయనవే. మొదటి సీజన్ నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టండి. అందులో కేంద్రం అధిపతి సింక్లెయిర్‌గా చేసిన మైఖేల్ ఓ'హేర్‌ది కొయ్య నటన అని నేనూ ఒకప్పుడు విసుక్కున్నాను. ఆయన అప్పుడు తీవ్రమైన మానసిక వ్యాధితో పోరాడుతూనే ఆ సీజన్ పూర్తి చేశాడని 2013లో, ఆయన పోయిన మరుసటి ఏడాది బయటికొచ్చింది. ఆ తర్వాత ఆ మొహాన్ని మునుపటిలా చూడలేకపోయాను. ఐదో సీజన్ మొదటి సగం నీరసం. సీరియల్ ఆగిపోతుందేమోనన్న భయంతో ముఖ్యమైన కథంతా నాలుగో సీజన్లోనే కుక్కేశారు మరి.

నాకు ఎప్పటికీ తనివి తీరనిది మూడో సీజన్లో లిఫ్టు సీను. బాంబు పేలి, బద్ధశత్రువులైన రెండు జాతుల దూతలు లోండో, జి'కార్ అందులో ఇరుక్కుంటారు. ఇద్దరం కలిసి బయటపడదాం అంటాడు లోండో. జి'కార్ పగలబడి నవ్వుతాడు. లోండోని తన చేత్తో చంపితే ప్రతీకారంగా లోండో జాతి చేతిలో తనవాళ్లు 500 మంది బలైపోతారు, ఇక్కడ ఊరికే కూర్చుంటే లోండో చావు కళ్లారా చూడొచ్చు, పాపం అంటదు. తనూ చస్తానన్న చింతే లేదు! జి'కార్‌గా చేసిన ఆంద్రెయస్ కట్సూలస్ నవ్విన ఆ నవ్వు కోసమైనా సెట్టు కొనొచ్చు.

ఇక చేప. ప్రతి జాతికీ స్వీడిష్ మీట్‌బాల్స్ లాంటి వంటకం ఒకటి ఉంటుందని జి'కార్ ఒకచోట ఆశ్చర్యపోతాడు. మాంసం మా ఇంట్లో కుదరదు, చేప కుదురుతుంది. అలా స్వీడన్ వాళ్ల గ్రావ్‌లాక్స్, అంటే ఉప్పు, పంచదారలో ఊరబెట్టిన సాల్మన్, పట్టుకున్నాను. ముప్పావు కిలో సాల్మన్ ముక్క, చర్మంతో. ముందే గడ్డకట్టించి అమ్మినదే కొంటాను, పురుగుల్ని చంపేది ఆ చలే, ఉప్పు కాదు. ఉప్పు, పంచదార చెరో 50 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన తెల్లమిరియాలు, గుప్పెడు సోయకూర (డిల్). గట్టిగా చుట్టి, బరువు పెట్టి, ఫ్రిజ్‌లో రెండున్నర రోజులు, పూటకోసారి తిప్పుతూ ఊరబెట్టాలి. ఊరిన ముక్క గట్టిపడి, కత్తి ఏటవాలుగా పెడితే కాయితంలా లేస్తుంది. ఆవపిండి, తేనె, నూనె కలిపి నంజుకుంటే ఆవకాయ తిన్న నాలుక్కి కొత్తేమీ అనిపించదు. ఇది పచ్చి చేపే కాబట్టి గర్భిణులకి మాత్రం పెట్టను.

ఒకసారి బరువుకని ఐదు డీవీడీ పెట్టెలూ దొంతరగా దానిమీద పెట్టాను. కవరు చిరిగి, ఊట కారి, అడుగునున్న మూడో సీజన్ అట్ట నానిపోయింది. లిఫ్టు సీను ఉన్న డిస్కు అప్పటినుంచి మధ్యలో ఆగిపోతుంది. తప్పు నాదే. ఆ పెట్టె తెరిస్తే ఇప్పటికీ సోయకూర వాసన.

బ్లూరే పెట్టె బరువు చాలదు. గుంటూరు నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన పొత్రం పెడుతున్నాను.