జాగ్రత్త: మ్యూజిక్ ప్లేయర్‌లో ఎస్ఎస్‌డీ బిగించే ముందు దాన్ని అంచుదాకా నింపి చూడండి

డిజిటల్ మ్యూజిక్ ప్లేయర్ కొని, లోపల ఎస్ఎస్‌డీ, అంటే పాటల ఫైళ్ళు దాచుకునే డిస్కు, వేయించుకుందామని చూస్తున్న వాళ్ళందరికీ ఈ మాట చెప్పాలి. ముఖ్యంగా ఇంట్లోని పాత క్యాసెట్లు, సీడీలు ఎక్కించి దాచుకుందామనుకునే వాళ్ళకు. నేను 1 టీబీ, అంటే దాదాపు వెయ్యి జీబీ, అని కొన్న ఎస్ఎస్‌డీలో నిజంగా ఉన్నది 58 జీబీ. ఆ సంగతి తెలిసేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి. ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫైళ్ళను అప్పటికే నా చేతులతో నేనే తీసేశాను.

మాది కావలి. మా నాన్న బడిలో తెలుగు చెప్పేవారు, పద్యాలు పాడేవారు. శివరాత్రికి, శ్రీరామనవమికి చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం వేస్తే ఆయనకు కబురొచ్చేది. వెళ్ళిన ప్రతిచోటా చిన్న టేప్ రికార్డరు ఒకటి వేదిక పక్కన పెట్టించేవారు. అలా 180 క్యాసెట్లు పోగయ్యాయి. ఒక్కోదాని మీద ఊరి పేరు, తేదీ నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంటాయి. ఆయన పోయాక వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఈ పనికి అడ్డదారి లేదు. 90 నిమిషాల క్యాసెట్ ఎక్కాలంటే 90 నిమిషాలు పట్టాల్సిందే. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఒకటి, ఆదివారం రెండు మూడు. ఏడు నెలలు పట్టింది.

సీడీ నాణ్యతలో, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డు చేస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. దాన్ని ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే శబ్దంలో ఏమీ పోకుండానే ఇంచుమించు సగానికి దిగుతుంది. నాన్న క్యాసెట్లు 90 జీబీ, ఇంట్లో ఉన్న సీడీలు ఇంకో 130 జీబీ, మొత్తం 220 జీబీ లెక్క తేలింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 256 జీబీ. అది నిండిపోయి ఊపిరాడని స్థితికి వచ్చింది.

అమ్మకు ఫోన్‌లో పాటలు పెట్టుకోవడం చేతకాదు. బల్ల మీద పెట్టుకొని, ఒక గుండీ తిప్పితే పాడే ప్లేయర్ ఒకటి తీసుకున్నాను. దాని అడుగున ఎస్ఎస్‌డీ బిగించుకోవడానికి ఖాళీ అర ఉంటుంది. డిస్కు మనమే కొనుక్కోవాలి. అక్కడే నేను తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో పేరు వినని కంపెనీ 1 టీబీ ఎస్ఎస్‌డీ 1,950 రూపాయలకు కనిపించింది. పేరున్న కంపెనీల ధరలో మూడో వంతు. పాటలకే కదా, పెద్ద స్పీడుతో పనేముంది అనుకున్నాను. చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే విడిగా చెబుతున్నాను. తక్కువ స్పీడు డిస్కు వేరు, దొంగ డిస్కు వేరు. మొదటిదాంతో మనకు నష్టమేమీ లేదు.

బిగించడానికి నెల్లూరు తీసుకెళ్ళాను. ట్రంక్ రోడ్డు వైపు ఒక షాపులో 400 రూపాయలు తీసుకొని పది నిమిషాల్లో పని చేసిచ్చారు. ప్లేయర్ ఆన్ చేయగానే తెర మీద 931 జీబీ అని వచ్చింది. ఇందులో మోసం లేదు, కొత్తవాళ్ళు కంగారు పడకండి. కేబీ, ఎంబీ, జీబీ అని ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు కంపెనీ వాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, యంత్రం 1,024 చొప్పున లెక్కేస్తుంది. 1 టీబీ డిస్కు మంచిదైనా అంతే చూపిస్తుంది. దొంగది కూడా సరిగ్గా అంతే చూపిస్తుంది. అసలు సమస్య అదే.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఎస్ఎస్‌డీలో కంట్రోలర్ అని ఒక చిప్ ఉంటుంది. నేను ఇంత జాగా ఉన్నవాణ్ణి అని కంప్యూటర్‌కు చెప్పేది అదే. దొంగ డిస్కులో ఆ చిప్‌కు అబద్ధం నేర్పిస్తారు. ఉన్నది 64 జీబీ మెమరీ (నా దాంట్లో నిజంగా పనికొచ్చింది 58 జీబీ), చెప్పేది 1 టీబీ. మనం పాటలు కాపీ చేస్తుంటే అది కాదనదు, ఎర్రర్ ఇవ్వదు, చారలు నిండుతూ వంద శాతానికి వెళ్తాయి. అసలు జాగా నిండాక వచ్చినదాన్ని కొన్ని డిస్కులు ఊరికే పారేస్తాయి. కొన్నైతే మళ్ళీ మొదటికొచ్చి, అంతకుముందు రాసినదాని మీదే రాసేస్తాయి. నాది మొదటి రకం.

ఇలాంటి డిస్కు కంప్యూటర్‌లో ఉంటే అది నిండుతుండగానే ఏదో ఒకటి ఆగిపోయి సాధారణంగా బయటపడుతుంది. మ్యూజిక్ ప్లేయర్‌లో అలా కాదు. నా ప్లేయర్ పాటల జాబితాను, బొమ్మలను తన సొంత మెమరీలో దాచుకుంటుంది. డిస్కులో పాట లేకపోయినా తెర మీద పేరు చక్కగా కనిపిస్తుంది. పైగా ఇంట్లో ఎవరైనా రోజూ వినేది ఓ యాభై, అరవై పాటలు. అమ్మ వినేవి మొదట కాపీ చేసిన ఫోల్డర్‌లో ఉన్నాయి. అవి నిజమైన 58 జీబీలో పడ్డాయి కాబట్టి నాలుగు నెలలూ నిక్షేపంగా పాడాయి. అంతా బాగుందనుకొని ల్యాప్‌టాప్ ఖాళీ చేసేశాను.

నాన్న ఏడాది పూట చుట్టాలందరూ వచ్చారు. భోజనాలయ్యాక అమ్మ, "అబ్బయ్యా, సింగరాయకొండలో పాడింది పెట్టరా, మీ పెదనాన్న వినాలంటున్నాడు" అంది. గుండీ తిప్పి ఆ పేరు మీద నొక్కాను. పేరు వచ్చింది, తేదీ వచ్చింది, రెండు సెకన్లు ఆగి తర్వాత దానికి దూకింది. అదీ అంతే. దాని తర్వాతదీ అంతే. అలా ఒక్కొక్క ఊరి పేరూ తెర మీద వచ్చి పోతూనే ఉంది, గొంతు మాత్రం రాలేదు. స్పీకర్ వైరు ఊడిందేమోనని పెదనాన్న వంగి చూస్తున్నాడు. అమ్మ నావైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు అడుగున స్క్రూలు విప్పి ఎస్ఎస్‌డీ బయటికి తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ఫైళ్ళు ఉన్నాయి, సైజులు కూడా సరిగ్గానే ఉన్నాయి. తెరిచి చూస్తే లోపల మొదటినుంచి చివరిదాకా సున్నాలే. డేటా వెనక్కి తెచ్చేవాళ్ళకు చెన్నైకి ఫోన్ చేసి అడిగితే, చెరిగిపోయినదైతే తేవచ్చు, అసలు రాయనిదాన్ని ఎక్కడినుంచి తెస్తామన్నారు. ల్యాప్‌టాప్‌లో తీసేసిన వాటికోసం కూడా వెతికించాను, అది కూడా ఎస్ఎస్‌డీయే, తీసేసిన ఫైళ్ళ జాగాను తనంతట తనే తుడిచేసుకుంటుంది కాబట్టి ఏమీ దొరకలేదు.

ఆ డిస్కు డబ్బా విప్పి చూశాను. వేలెడంత బోర్డు, దాని మీద ఒకే ఒక్క మెమరీ చిప్, చేతికి బరువు తెలియడానికి జిగురుతో అంటించిన ఇనప పలక. చిన్న బోర్డు ఉన్నంత మాత్రాన దొంగదని కాదు, మంచి కంపెనీల 2.5 అంగుళాల డిస్కుల్లో కూడా ఇప్పుడు సగం డబ్బా ఖాళీగానే ఉంటుంది. కానీ బరువు కోసం ఇనుము అంటించడమంటే చేసినవాడు తెలిసే చేశాడన్నమాట. అది చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

అమ్మినవాడి పేజీ ఇప్పుడు లేదు. వెనక్కిచ్చే గడువు వారం, అది ఎప్పుడో దాటింది. షాపతను మంచిగానే మాట్లాడాడు. "అన్నా, డిస్కు మీరు తెచ్చిందే గదా, మేం బిగించాం అంతే" అన్నాడు. అతని మాటలో న్యాయముంది. అయితే ఒక్క ముక్క ముందే చెప్పుంటే బాగుండేది అనిపించింది.

మీరు చేయాల్సింది ఇది. డిస్కు రాగానే ప్లేయర్‌లో పెట్టకండి. డిస్కును ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించే సాటా టు యూఎస్‌బీ కేబుల్ (సాటా అంటే డిస్కును తగిలించే ఒక పద్ధతి) కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. లేదంటే తెలిసిన కంప్యూటర్ షాపులో గంటసేపు అడిగి తీసుకోండి. దాంతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్ అయితే ఎఫ్3 అనే ప్రోగ్రామ్ నడపండి. రెండూ ఉచితమే. ఇవి డిస్కును అంచుదాకా నింపి, రాసిన ప్రతి ముక్కనూ మళ్ళీ చదివి సరిచూస్తాయి. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు అయితే 1 టీబీకి రాయడం, చదవడం కలిపి పదహారు గంటల దాకా పడుతుంది, యూఎస్‌బీ 3 అయితే చాలా ముందే తేలిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగకుండా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ చూసుకోండి. నాలుగు ఫైళ్ళు కాపీ చేసి తెరిచి చూస్తే చాలదు, దొంగ డిస్కులో మొదటి నాలుగు ఎప్పుడూ బాగానే తెరుచుకుంటాయి. నేను ఆ ఒక్కరోజు ఓపిక పట్టి ఉంటే అమ్మ ముందు అలా నిలబడాల్సి వచ్చేది కాదు.

కొత్తదని అమ్మే పాత డిస్కులు కూడా ఉన్నాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే ఎన్ని గంటలు నడిచిందో, ఎంత రాశారో కనిపిస్తుంది. ఆ అంకెల్ని కూడా మార్చేవాళ్ళున్నారు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు.

ఇక డిస్కు రకం. మీ ప్లేయర్ కాగితాల్లో ఏ డిస్కు పడుతుందో, గరిష్ఠంగా ఎంత పడుతుందో చదివాకే కొనండి. 2.5 అంగుళాల సాటా అయితే ఇప్పటివి ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మందం. ఎమ్ డాట్ టూ, అంటే డబ్బా లేని సన్నని పలక లాంటి డిస్కు, అయితే ఇంకా జాగ్రత్త, అందులో సాటా, ఎన్‌వీఎమ్‌ఈ అని రెండు పద్ధతులున్నాయి, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి గానీ రెండూ పట్టే అర అయితే తప్ప ఒకదాని చోట ఒకటి పనిచేయదు. ఒంగోలులో మా స్నేహితుడు యాపిల్ కంపెనీ పాత పాటల ప్లేయర్ ఐపాడ్ క్లాసిక్‌లో హార్డ్ డిస్క్ తీసేసి మెమరీ కార్డుల అడాప్టర్ వేయిద్దామని చూస్తున్నాడు. 2007 నాటి 80 జీబీ, 2008 నాటి 120 జీబీ మోడళ్ళు దాని సొంత సాఫ్ట్‌వేర్‌తో 128 జీబీ దాటి వాడుకోలేవు, 2009లో వచ్చిన 160 జీబీ మోడల్‌కు ఆ ఇబ్బంది లేదు. వాడిది 2008ది. 512 జీబీ కార్డు కొనబోతుంటే ఆపాను. అందులో రిబ్బన్ కేబుల్ గొళ్ళెం కూడా గోరుతో గట్టిగా లాగితే విరిగిపోతుంది, చేయి తిరిగినవాళ్ళకే ఇవ్వండి.

కొనేటప్పుడు సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు అడగండి. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, దిగుమతిదైతే ఏ దేశంలో తయారైందో ఉండాలి. అది చట్టం. నా డబ్బా మీద ఇవేవీ లేవు, రంగురంగుల అక్షరాల్లో 1 టీబీ అన్నదొక్కటే ఉంది. డబ్బా తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మనకు నెల్లూరులో, ప్రకాశం వాళ్ళకు ఒంగోలులో. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, ఫిర్యాదుకు రెండేళ్ళ గడువుంది. రెండు వేలకు ఇంత తిరుగుడెందుకని మా తమ్ముడు అంటున్నాడు. నేను మాత్రం 1915లో ఫిర్యాదు పెట్టాను, బిల్లు, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఫలితం ఫొటో, ఇనప పలక ఫొటో కలిపి.

డిస్కు మంచిదని తేలాక కూడా అసలు ఫైళ్ళు తీసేయకండి. ప్లేయర్‌లో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్క్ మీద ఒకటి, వీలైతే వేరే ఇంట్లో ఇంకొకటి. మాది ఇప్పుడు మూడోది విజయవాడలో చెల్లెలి దగ్గర ఉంటుంది.

క్యాసెట్లు అటక మీద ఉన్నాయి కాబట్టి బతికాం. మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తున్నాను, ఇప్పటికి 62 అయ్యాయి. పదకొండు మాత్రం మొదటిసారి తిరిగినప్పుడే కొన ఊపిరితో తిరిగాయి. వాటిలో నాలుగు ఈసారి తెగిపోయాయి, మిగతావాటికి టేపు పొడవునా తెల్లగా బూజు పట్టి ఉంది. సింగరాయకొండది ఆ బూజు పట్టినవాటిలోనే ఉంది. దాన్ని డెక్‌లో పెట్టే ధైర్యం చేయలేదు. కావలి, కందుకూరు, నెల్లూరు, ఒంగోలు వైపు క్యాసెట్ టేపు శుభ్రం చేసి, తెగినచోట అతికించడం బాగా తెలిసిన పాత మెకానిక్‌లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎంత దూరమైనా నేనే తీసుకొస్తాను.