అక్వినాస్ క్లాసు: చట్టం బాగా చెప్పారు, దైవ పరిపాలన వదిలేశారు

విశాఖ జ్ఞానాపురంలో శనివారం సాయంత్రాలు నడిచే పఠన తరగతి ఇది; చదివేది పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్‌ను. చేతికిచ్చేది స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ పుస్తకం. అందులో ఆయన పెద్ద గ్రంథం ‘సుమ్మా థియలాజికా’ రెండో భాగం మొదటి సగంలోని, చట్టం గురించిన 90 నుంచి 97 వరకు ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. వివరణంతా తెలుగులోనే.

చదివించే పద్ధతి చాలా బాగుంది. ఒక్కో ప్రశ్నా కొన్ని అంశాలుగా ఉంటుంది. అక్వినాస్ ప్రతి అంశాన్నీ పూర్వపక్షంతో, అంటే ఎదుటివాళ్ల వాదనతో మొదలుపెడతాడు. వరసగా వచ్చే ఆ ఆక్షేపణలను ఆయన అభిప్రాయాలే అనుకుని కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఇక్కడ ముందు ప్రశ్న, వెంటనే ఆయన సొంత జవాబు చదివించి, ఆ తర్వాతే ఒక్కో ఆక్షేపణనూ దాని సమాధానంతో జతచేసి చూపిస్తారు.

95వ ప్రశ్న రెండో అంశం చెప్పిన తీరు అద్భుతం. మానవ చట్టం సహజ నియమం నుంచి, అంటే మంచీ చెడూ గురించి బుద్ధికి సహజంగా తెలిసే సూత్రాల నుంచి, రెండు దారుల్లో వస్తుంది: సూత్రం నుంచి నేరుగా తేలేది ఒకటి, సూత్రం తేల్చకుండా వదిలినదాన్ని పాలకులు ఖాయం చేసేది రెండోది. దీనికి మన ఫిషింగ్ హార్బర్‌లో వేట నిషేధాన్ని తీసుకున్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలన్నది ఎవరి బుద్ధికైనా తోచేదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులన్నది మాత్రం ఖాయం చేసిన లెక్క. పడమటి తీరంలో అదే నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా. తేదీలు మారాయి, కారణం మారలేదు. చివరి రెండు ప్రశ్నలూ కాస్త హడావిడిగా ముగించారు, ఫర్వాలేదు.

లోపం ఒకటుంది, చిన్నది కాదు. లోకాన్ని దేవుడు నడిపిస్తున్నాడని మొదటి భాగంలో తేలిపోయిందన్న ఆధారం మీదే, సహజ నియమంతో సహా చట్టాల రకాలను చెప్పే 91వ ప్రశ్న మొదలవుతుంది. ఆ తేల్చింది మొదటి భాగం 22వ ప్రశ్నలో. అది పుస్తకంలోనే లేదు! దాంతో సహజ నియమమంటే మనస్సాక్షి కాబోలనుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అక్వినాస్ మాట అంతకంటే పెద్దది. బుద్ధి గల జీవి దైవ పరిపాలనకు లోబడి ఉండటంతో సరిపెట్టుకోదు; తన మంచీ ఇతరుల మంచీ ముందుచూపుతో చూసుకుంటూ ఆ పరిపాలనలో తానూ పాలుపంచుకుంటుంది. ఇక అంతా దేవుడే నడిపిస్తుంటే చట్టమెందుకన్న సందేహానికి జవాబు 22వ ప్రశ్న నాలుగో అంశంలో ఉంది: కొన్ని తప్పక జరగాలి, కొన్ని జరగొచ్చు జరగకపోవచ్చు, ఆ తేడా కూడా దైవ సంకల్పంలో భాగమే.

చేరేవాళ్లు ఆ ప్రశ్నలోని నాలుగు అంశాలూ ముందే చదువుకుని వెళ్లండి, పాత ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీయించేటప్పుడు మార్జిన్ వెడల్పుగా వదిలించుకోండి, ఒక్కో ఆక్షేపణ పక్కన దాని సమాధానం నంబరు రాసుకోవాల్సి ఉంటుంది.