ఒక్క 'పికప్' పెట్టి నాలుగు ఉచిత డిక్షనరీలను తూచి చూస్తే

బండికి పికప్ తగ్గింది. స్కూలు వ్యాన్ పికప్ ఏడింటికి. దసరా దగ్గర పడితే గానీ బేరాలు పికప్ కావు. మన నోట్లో ఇంతగా నానిన మాటే ఇంగ్లిషు వాక్యంలో ఎదురైతే తడబడతాం. అక్కడ అది ఎత్తడం, ఎక్కించుకోవడం, నేర్వడం, అంటించుకోవడం, పసిగట్టడం, పట్టుకెళ్లడం, పుంజుకోవడం, చవగ్గా కొట్టేయడం... పదిహేనుకు పైనే అర్థాలు. ఫ్రేజల్ వెర్బుల దగ్గర, అంటే క్రియకు 'అప్' లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే జంటల దగ్గర, ఏ డిక్షనరీ సత్తా ఎంతో తేల్చడానికి ఇంతకన్నా మంచి గీటురాయి దొరకదు. అందుకే పైసా కట్టకుండా ఫోన్లో తెరుచుకునే ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, బ్రిటానికా లెర్నర్స్ డిక్షనరీలను (ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి) దీంతోనే పరీక్షకు పెట్టాం.

చూసినవి రెండే. చదువుతున్న వాక్యంలో ఏ అర్థమో ఎంత త్వరగా దొరుకుతుంది? మనం వాక్యం రాయాల్సి వస్తే కర్మను ఎక్కడ పెట్టాలో చెబుతుందా? రెండోది తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. మనకు 'ని', 'ను' ఉన్నాయి కాబట్టి 'దాన్ని తియ్యి' అన్నా 'తియ్యి దాన్ని' అన్నా కొంప మునగదు. ఇంగ్లిషులో 'పిక్ ఇట్ అప్' అనాలి, 'పిక్ అప్ ఇట్' తప్పు. అదే 'ఇట్' బదులు 'ద బ్యాగ్' పెడితే మధ్యలోనైనా చివరైనా సరే. కర్మ బారెడు పొడుగుంటే, అంటే 'నిన్న విజయవాడ నుంచి వచ్చిన పార్సిల్' లాంటిదైతే, చివర పెట్టడమే మేలు. మధ్యలో ఇరికిస్తే 'అప్' వచ్చేసరికి వినేవాడు 'పిక్'ను మరిచిపోతాడు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ల తొలి లెర్నర్స్ డిక్షనరీ 1948 నాటిది. అంత అనుభవం ఈ అమరికలో కనిపిస్తుంది. అర్థాలన్నీ ఒకే కుప్పగా పొయ్యకుండా, కర్మను బట్టి విడదీశారు. కర్మ లేకుండా వచ్చే 'పిక్ అప్' ఒక చోట, మనిషి కర్మగా వచ్చేది ఒక చోట, వస్తువు కర్మగా వచ్చేది ఇంకో చోట, రెంటికీ చెల్లేది మరో చోట. ఇదెంత పనికొస్తుందో మూడు వాక్యాలతో చూడండి. 'సేల్స్ పిక్ట్ అప్ ఇన్ అక్టోబర్': క్రియ తర్వాత కర్మ లేదు, నేరుగా మొదటి పేజీకి వెళ్లండి, పుంజుకోవడం, గాలి జోరందుకోవడం అక్కడుంటాయి. 'ద పొలీస్ పిక్ట్ హిమ్ అప్': కర్మ మనిషి, రెండో పేజీ, బండిలో ఎక్కించుకోవడం, సముద్రంలోంచి కాపాడటం, పోలీసులు పట్టుకెళ్లడం అందులోవే. 'షి పిక్ట్ అప్ తమిళ్ ఇన్ చెన్నై': కర్మ మనిషి కాదు, మూడో పేజీ. అర్థం తెలియకముందే వాక్యం రూపాన్ని బట్టి సగం వడపోత అయిపోతుంది. చదివి అర్థం చేసుకోవడానికి దీన్ని మించింది లేదు.

చిక్కల్లా, ఆ పేజీలు విడివిడిగా ఉండటమే. 'పిక్' ఎంట్రీ అడుగుకి దిగి, ఫ్రేజల్ వెర్బుల జాబితాలో లింకు నొక్కి, అది కాదని వెనక్కొచ్చి ఇంకోటి నొక్కాలి. ఫోన్లో ఈ రాకపోకలకు ఓపిక కావాలి.

లాంగ్‌మన్ దారి వేరు. 1978 లో మొదటి కూర్పు వచ్చినప్పటి నుంచి వాళ్ల పట్టుదల ఒకటే: ఏ అర్థమైనా సుమారు 2000 తేలిక మాటల్లోనే చెప్పాలి. ఇంటర్ చదివే పిల్లలు కూడా వివరణ కోసం మళ్లీ డిక్షనరీ వెతుక్కోనక్కర్లేదు. 'పిక్ అప్' అర్థాలన్నీ ఒకే పేజీలో వరసగా ఉంటాయి, పొడుగాటి ఎంట్రీల్లో ప్రతి అర్థం ముందూ దారి చూపే చిన్న సూచిక మాట ఉంటుంది. వేలితో జారుస్తూ ఆ సూచికలే చూసుకుంటూ పోతే మీక్కావలసింది తగులుతుంది. పూర్తి వివరణలు పైనుంచి కింది దాకా చదవడం మొదలెట్టారో, ఆరో అర్థం దగ్గరికొచ్చేసరికి అసలు వాక్యమే మర్చిపోతారు.

ఇక రాసేవాళ్లకు లాంగ్‌మన్‌లో అసలు విలువ రెండు మొనల బాణం గుర్తులో ఉంది. కర్మకూ 'అప్'కూ మధ్య ఆ బాణం ఉంటే అవి చోటు మార్చుకోవచ్చని అర్థం. బాణం లేకపోతే ఉన్నదున్నట్టే వాడాలి. 'పిక్ అప్ స్పీడ్' లాంటివి కలిసే వస్తాయి, వాటిని విడదీస్తే చెవికి మొరటుగా తగులుతుంది. బిల్లు మనమే కడతామనే 'పిక్ అప్ ద బిల్' కూడా మామూలుగా ఇలా కలిసే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: బాణం ఉన్న చోట కూడా సర్వనామం మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. ఆ సంగతి బాణం చెప్పదు, మీరే గుర్తుంచుకోవాలి. ఉదాహరణ వాక్యాల పక్కన స్పీకర్ గుర్తు నొక్కితే వాక్యం మొత్తం వినిపిస్తుంది. అది తప్పకుండా వినండి, ఎందుకంటే ఊనిక 'అప్' మీద ఎలా పడుతుందో కాగితం మీద తెలియదు. మనం 'పిక్' మీద బరువేసి 'అప్'ను మింగేస్తుంటాం.

బ్రిటానికా నిజానికి మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్లు 2008 లో తెచ్చిన లెర్నర్స్ డిక్షనరీయే, ఇప్పుడు బ్రిటానికా పేరుతో ఉంది. బాణాల గొడవ లేదు. కర్మ చివరా, కర్మ మధ్యలో, రెండు రూపాలనూ 'ఆర్' పెట్టి అక్షరాలా రాసేస్తారు. ఉదాహరణలు ధారాళం, వాటి మధ్యలోనే తేలిక మాటల్లో అర్థం. అప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఇదే ఇవ్వండి. కాకపోతే అమెరికా వాసన ఎక్కువ.

కేంబ్రిడ్జ్ వేగంగా తెరుచుకుంటుంది, అర్థాల పక్కన ఏ1 (తొలి మెట్టు) నుంచి సీ2 (పై మెట్టు) వరకు స్థాయి గుర్తులుంటాయి. ఐఈఎల్‌టీఎస్‌కు చదివేవాళ్లు ముందు ఏవి పట్టాలో తేల్చుకోవడానికి పనికొస్తాయి. అంతకుమించి మొదటి రెంటినీ దాటింది లేదు. మాక్‌మిలన్ కూడా ఉండేది, 2023 లో ఆ సైటు మూసేశారు. పాత లింకులు పట్టుకుని తిరగకండి.

ఈ నాలుగింటికీ పట్టని తప్పులు కొన్ని ఉన్నాయి, అవి మనవే. 'పిక్ మి ఎట్ సిక్స్' అంటాం. 'అప్' ఊడిపోతే అది 'ఆరింటికి నన్ను ఎంచుకో' అయి కూర్చుంటుంది. 'ఫోన్ లిఫ్ట్ చెయ్యలేదు' అన్నది ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడు 'పిక్ అప్' కావాలి. ఫోనని చెప్పకుండా 'హి ఈజ్ నాట్ పికింగ్ అప్' అన్నా చాలు. అమ్మాయిని పికప్ చేసుకున్నానని చెప్పేటప్పుడు స్టేషన్ నుంచో, ఆఫీసు నుంచో చేర్చండి. ఊరికే వదిలేస్తే వలలో వేసుకున్నాడనే అర్థం పొంచి ఉంటుంది. ఇక 'పిక్ అప్ ఆన్', అంటే ఎవరూ పైకి చెప్పనిదాన్ని గ్రహించడం, ఇక్కడ సర్వనామం చివరికే పోతుంది: 'పిక్ అప్ ఆన్ ఇట్'. ఇప్పుడే నేర్చుకున్న నియమాన్ని ఇక్కడా వాడి 'పిక్ ఇట్ అప్ ఆన్' అనేవాళ్లు చాలామంది. 'బండికి పికప్ తగ్గింది' అనే మాట విషయంలో మాత్రం మెకానిక్‌దే ఒప్పు. వేగం అందుకునే శక్తి అనే అర్థాన్ని ఆక్స్‌ఫర్డ్ ఉత్తర అమెరికా వాడుకగా నామవాచకం కిందే ఇచ్చింది.

తెలుగు అర్థాలకు అనువాద యంత్రంలో ఒంటరిగా 'పిక్ అప్' కొట్టకండి, చుట్టూ వాక్యం లేకపోతే ఏ అర్థమో దానికీ తెలిసే దారి లేదు. ఆంధ్రభారతి సైటులో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు కలిపి వెతుక్కోవచ్చు. కానీ బ్రౌన్ ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు 1852 నాటిది, ఫోనూ సిగ్నలూ అందులో వెతికి లాభం లేదు. ఆ సైటును తిరగేసి, తెలుగు నుంచి ఇంగ్లిషుకు, వాడితేనే ఫలితం: తోచిన తెలుగు మాట కొట్టి, దాని ఇంగ్లిషు అర్థం మీ వాక్యానికి అతుకుతుందో లేదో చూడండి. వ్యాపారమైతే పుంజుకుంటుంది, జలుబైతే పడుతుంది, కుక్క వాసన పసిగడుతుంది, ఆగిన పాటను పక్కవాళ్లు అందుకుంటారు, రాలిన కాయల్ని ఏరుకుంటాం. చెన్నైలో ఆమెకు తమిళం వచ్చిన తీరుకు 'నేర్చుకుంది' అంటే చప్పగా ఉంటుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నలుగురిలో తిరిగితే వచ్చింది. దానికి మన మాట 'అబ్బింది'.