రేకు మందం లెక్కలోకి వచ్చాక: వైపీ ఆవిరి ఇంజన్ ఇత్తడి కిట్‌పై సమీక్ష

గుంతకల్‌లో ఉంటున్న మిత్రులొకరు రెండేళ్లు కూర్చుని గీసిన వైపీ తరగతి మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ నమూనా కిట్‌ను (రేకుల నుంచి భాగాలు విడదీసి, మడిచి, టంకంతో అతికి కట్టుకునేది), అమ్మకానికి పెట్టే ముందు ఒకసారి పూర్తిగా కట్టి చూడమని నాకు ఇచ్చారు. అనంతపురంలో మా ఇంటి మేడ మీది గదిలో నాలుగు నెలల పాటు ఆ పని చేసి, కనిపించిన లోపాలన్నీ ఆయనకు చెప్పి, ఆయన సవరించి పంపిన రేకులను కూడా బిగించి చూసిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను. కిట్‌కు నేను డబ్బు ఇవ్వలేదు, చక్రాలు, మోటారు మాత్రం నా ఖర్చుతో కొన్నాను. ఈ సంగతి చదివేవారికి ముందే తెలియడం న్యాయం.

వైపీ ఇంజన్ మన ప్రాంతానికి కొత్త కాదు. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనుక రెండు చిన్న చక్రాలు గల ఈ ప్రయాణికుల రైలింజన్లలో మొదటి ఇరవైని 1949లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం తయారు చేసింది. తర్వాతి కాలంలో జంషెడ్‌పూర్‌లోని టాటావారి టెల్కో సంస్థ కూడా వీటిని తయారు చేసింది. 1970లో తయారీ ఆగేనాటికి మొత్తం 871 ఇంజన్లు వచ్చాయి. గుంతకల్ నుంచి హుబ్లీ వైపు, ధర్మవరం మీదుగా బెంగళూరు వైపు, నంద్యాల మీదుగా గుంటూరు వైపు ఒకప్పుడు పరిచి ఉన్నది మీటర్ గేజ్ పట్టాలే. ఇప్పుడు అవన్నీ బ్రాడ్ గేజ్ అయ్యాయి. నమూనా రైళ్లు కట్టే మనవాళ్లకు ఇంగ్లండు, జర్మనీ ఇంజన్ల కిట్లు ఎన్నో దొరుకుతాయి కానీ, చిన్నప్పుడు గుంతకల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసిన ఇంజన్ మాత్రం దొరకదు. ఆ లోటు తీర్చే ప్రయత్నం కాబట్టే దీనిని మరింత శ్రద్ధగా పరీక్షించాలనుకున్నాను.

కిట్ నిష్పత్తి 1:87. ఆ లెక్కన మీటరు వెడల్పు గల పట్టా 11.5 మిల్లీమీటర్లు కావాలి. అయితే ఈ నిష్పత్తిలో మీటర్ గేజ్‌కు అందరూ వాడే పట్టా 12 మిల్లీమీటర్లది కాబట్టి కిట్ కూడా దానికే సరిపోతుంది. అసలు ఇంజన్ పెద్ద చక్రం వ్యాసం నాలుగడుగుల ఆరంగుళాలు. నమూనాలో అది 15.8 మిల్లీమీటర్లవుతుంది, నేను 16 మిల్లీమీటర్ల చక్రాలు వేశాను. పెట్టెలో మూడు రేకులు ఉంటాయి. చట్రానికి, కప్లింగ్ రాడ్లకు (పెద్ద చక్రాలను కలిపే కడ్డీలు) 0.45 మిల్లీమీటర్ల జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన తెల్లని లోహం), ఫుట్‌ప్లేటుకు (ఇంజన్ పక్కల పొడవునా ఉండే పలక), క్యాబుకు (డ్రైవరు నిలబడే గది), టెండరుకు (బొగ్గు, నీళ్లు మోసే వెనుక బండి) 0.38 మిల్లీమీటర్ల ఇత్తడి, బాయిలర్ చుట్టుకు, సన్నపనికి 0.25 మిల్లీమీటర్ల ఇత్తడి ఇచ్చారు. పొగగొట్టం, డోము (బాయిలర్ మీది గుమ్మటం) వంటివి సీసం లాంటి మెత్తని లోహంలో పోతపోసినవి.

ఈ రేకులు ఎలా తయారవుతాయో తెలిస్తేనే కిట్ మంచిచెడులు అర్థమవుతాయి. రేకుకు రెండు వైపులా కాంతికి గట్టిపడే పొర పూసి, గీసిన బొమ్మను దానిమీదికి దించి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో పెడతారు. రెండు వైపులా పొర తొలగిన చోట లోహం పూర్తిగా తినుకుపోతుంది, ఒక వైపే తొలగిన చోట సగం లోతు వరకే పోతుంది. మడత గీతలన్నీ అలా సగం లోతు చెక్కినవే. ద్రావణం కిందికే కాక పక్కలకు కూడా తింటుంది కాబట్టి రంధ్రాల అంచు సూటిగా రాదు, మందం మధ్యలో సన్నని పంటి లాంటి మిగులు నిలుస్తుంది. మా మిత్రులు రంధ్రాలన్నీ కొంచెం చిన్నవిగా గీసి, బ్రోచుతో (రంధ్రాన్ని గీకి పెద్దది చేసే సన్నని పనిముట్టు) తిప్పి సరైన కొలతకు తెచ్చుకునే వీలు కల్పించారు. గడియారాలు బాగుచేసేవారి దగ్గర ఉండే ఐదు పలకల బ్రోచు ఈ పనికి చక్కగా సరిపోయింది.

మడతల విషయంలో ఈ కిట్ నాకు ఎంతో నచ్చింది. గీత ఎప్పుడూ మడత లోపలి వైపుకే ఉండాలన్న నియమాన్ని ఎక్కడా తప్పలేదు. ఫుట్‌ప్లేటు అంచును రెండు ఉక్కు పట్టీల మధ్య బిగించి ఒక్కసారి వంచితే, ఆ చివర నుంచి ఈ చివర వరకు వంకర లేకుండా లంబకోణంలో నిలిచింది. సగం మందమే మిగిలిన మడత బలహీనంగా ఉంటుంది కాబట్టి లోపలి వైపు టంకం పారించమని సూచనల పుస్తకంలో రాశారు. అలా చేయకుండా ముందుకు పోయేవారు తర్వాత తప్పకుండా బాధపడతారు.

అసలు చిక్కు బాయిలర్ దగ్గర వచ్చింది. రెండు గుండ్రని బిళ్లల మీద 0.25 మిల్లీమీటర్ల రేకును చుట్టి, అడుగున అంచులు కలిపి అతకాలి. పాత దినపత్రికల దొంతర మీద రేకు పరిచి, చపాతీ కర్రంత లావు ఉక్కు కడ్డీతో మెల్లగా ఒత్తుతూ గుండ్రంగా తెచ్చాను. తీరా బిళ్లల మీద కూర్చోబెడితే అంచులు కలవలేదు. వేలిగోరు సులువుగా దూరేంత ఎడం మిగిలింది. నా చేతి తప్పేమోనని విప్పి మళ్లీ చుట్టాను, మళ్లీ అంతే ఎడం. కొలిస్తే 0.8 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. అప్పుడు ఆయనకు ఫోను చేసి, "అన్నా, బాయిలర్ చుట్టు చాల్లేదు" అన్నాను. "బిళ్ల చుట్టుకొలతే పెట్టినా కదప్పా, ఎందుకు చాల్లేదు?" అన్నారాయన. కారణం ఆ మాటలోనే ఉంది. బిళ్ల మీద చుట్టిన రేకు పొడవును బిళ్ల వ్యాసంతో కాక, ఆ వ్యాసానికి ఒక రేకు మందం కలిపి లెక్కించాలి. అలా కలపకపోతే తగ్గే పొడవు రేకు మందానికి 3.14 రెట్లు, అంటే 0.25 మిల్లీమీటర్ల రేకుకు 0.785. బాయిలర్ ఎంత లావుదైనా, ఎంత సన్ననిదైనా ఈ తేడా మారదు. కంప్యూటరు తెర మీద గీతకు మందం ఉండదు, చేతిలోని రేకుకు ఉంటుంది. టెండరు లోపలి పెట్టె బయటి పెట్టెలో పట్టకపోవడానికి కూడా ఇదే కారణమని ఆ సాయంత్రమే తేలింది. అక్కడ రెండు పక్కలా ఒక్కో రేకు మందం, మొత్తం 0.76 మిల్లీమీటర్లు తగ్గించవలసి ఉండింది.

సవరించిన రేకు వచ్చాక బాయిలర్‌ను మళ్లీ చుట్టాను. ఈసారి అంచులు ఒకదానికొకటి ఆనుకున్నాయి. టంకం వేసి ఆకురాయితో ఒక్కసారి రుద్దితే అతుకు ఎక్కడుందో వేలికి తగలలేదు.

చట్రం, రాడ్ల పని నిదానంగా చేయవలసినదే కానీ ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. కప్లింగ్ రాడ్లు రెండేసి పొరలుగా ఉంటాయి. వాటిని ఒకదానిమీద ఒకటి అతికి, అంచులు ఆకురాయితో సమం చేస్తే ఒకే కడ్డీ నుంచి తీసినట్టు కనిపిస్తాయి. రాడ్డు జారిపోకుండా చక్రం పిన్ను చివర వాషరు అతికేటప్పుడు, వాషరుకు, రాడ్డుకు మధ్యలో నూనెలో తడిపిన కాగితం ముక్క పెట్టాలి, లేకుంటే టంకం పాకి రాడ్డు పిన్నుకే అతుక్కుపోతుంది. ఒక పక్క పిన్నులకు, రెండో పక్క పిన్నులకు మధ్య తొంభై డిగ్రీల తేడా మూడు ఇరుసుల మీదా ఒకేలా ఉండాలి. అందుకోసం రేకు అంచులోనే ఒక చిన్న కొలత పలకను చెక్కి ఇచ్చారు. ఆ పలక వల్ల నాకు కనీసం ఒక వారం శ్రమ తప్పింది.

రేకులు చెక్కించినది వేరే నగరంలో, సర్క్యూట్ బోర్డులు చేసే ఒక చిన్న కర్మాగారంలో. మొదటి విడతలో ఒక రేకుకు ముందు బొమ్మ, వెనుక బొమ్మ ఒకదానిమీద ఒకటి సరిగా పడక, వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. 0.45 మిల్లీమీటర్ల రేకులో ఆ తేడా ప్రతి రంధ్రాన్నీ ఏటవాలుగా చేసింది. చెప్పిన వెంటనే వారు ఆ రేకును ఉచితంగా మళ్లీ చెక్కి ఇచ్చినా, పంపే ముందు భూతద్దం పెట్టి చూసి ఉంటే మూడు వారాలు కలిసివచ్చేవి.

శుభ్రత గురించి పుస్తకంలో ఉన్నది చాలదు. నేను ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ఫ్లక్స్ (టంకం పారేందుకు ముందుగా పూసేది) వాడాను. దానితో టంకం నీళ్లలా పారుతుంది. అయితే ఆ రాత్రికే కడగకపోతే తెల్లారేసరికి మూలల్లో పచ్చని చిలుము పడుతుంది. టవర్‌క్లాక్ దగ్గర ఇత్తడి సామాను అమ్మే పెద్దాయన చెప్పినట్టు, నానబెట్టిన చింతపండు పులుసుతో మెత్తని బ్రష్షు పెట్టి రుద్ది, తర్వాత సబ్బు నీళ్లతో, మంచినీళ్లతో కడిగాను. రంగు వేసేముందు ఇత్తడి తళతళలాడింది. టంకం వేసే ఐరన్ మొనను కళాయివాళ్ల పద్ధతిలో నవాసాగరం గడ్డ మీద రుద్దడం కూడా బాగా పనిచేసింది. పోత భాగాలను మాత్రం మామూలు టంకంతో అతకకూడదు, కరిగిపోతాయి. వాటికి 70 డిగ్రీల దగ్గర కరిగే టంకమే వాడాలి.

పట్టా మీద నడిపిన రోజు తిన్నని దారిలో ఇంజన్ హాయిగా నడిచింది. వంపులో మాత్రం ముందున్న నాలుగు చిన్న చక్రాల్లో వెనుక జతది చట్రానికి తగిలి, కరెంటు షార్ట్ అయి ఆగిపోయింది. చట్రంలో ఆ చోట అర్ధచంద్రాకారంలో కొంచెం లోహం తీసేస్తే సమస్య పోయింది. కొత్త రేకులో ఆ కోత ముందే ఉంది.

ఇదివరకు కనీసం ఒక ఇత్తడి వ్యాగన్ అయినా కట్టి, టంకం పని చేతికి అలవాటైనవారు ఈ కిట్‌ను ధైర్యంగా కొనవచ్చు. మొట్టమొదటిసారి టంకం పట్టుకునేవారికి నేను దీనిని సిఫారసు చేయను. రేకుల ఖర్చుకు దాదాపు అంతే మొత్తం చక్రాలకు, మోటారుకు అవుతుందని ముందే లెక్క వేసుకోవాలి. సూచనల పుస్తకం తెలుగులోనూ వచ్చింది. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి కానీ వాల్షార్ట్ గేరు (ఆవిరి కవాటాలను నడిపే రాడ్ల అమరిక) పేజీలో రాడ్ల వరుస ఇంకా తికమకగానే ఉంది, ఆ పేజీని మళ్లీ గీస్తామని ఆయన మాట ఇచ్చారు. పరీక్ష కోసం మొదటి విడత రేకులు నాతో పాటు మరి కొందరికి కూడా అందాయి. వారు బాయిలర్ చుట్టు, టెండరు లోపలి పెట్టె, చట్రం, ఈ మూడింటికీ సవరించిన రేకులు అడిగి తెప్పించుకున్న తర్వాతే పని మొదలుపెట్టాలి.