చిన్న ఎక్స్‌పెడిషన్ ఓడా, పెద్ద క్రూజా: ధ్రువ సముద్రాలకు ఏది మేలు?

అంటార్కిటికాకో, ఉత్తర ధ్రువం వైపున్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌కో ఓడలో వెళ్దామనుకునేవాళ్లు మొదట అడిగేది క్యాబిన్ గురించే. బాల్కనీ ఉన్నది తీసుకోవాలా, గుండ్రటి కిటికీ చాలా, ఏ డెక్ మీదైతే బాగుంటుంది? నేను మాత్రం ఆ ఓడలో ఎంతమంది ప్రయాణికులు ఎక్కుతారో ముందు కనుక్కోమంటాను. ఆ ఒక్క అంకె తెలిస్తే ప్రయాణం ఎలా ఉండబోతోందో సగానికి పైగా తెలిసినట్టే.

ఎందుకంటే అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డున ఉండకూడదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవరినీ దింపకూడదు. దిగే ఒక్కో చోట ఒక సమయంలో ఒకే ఓడ. దిగిన ప్రతి 20 మందికీ కనీసం ఒక గైడు. ఏడు యాత్రా సంస్థలు కలిసి 1991లో పెట్టుకున్న ఐఏఏటీఓ అనే సంఘం ఇలాంటి కట్టుబాట్లతోనే నడుస్తోంది. 2009లో అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు కూడా ఇవే నియమాలను ఆమోదించాయి.

ఇప్పుడు లెక్క వేయండి. రెండు మూడు వేల మంది ఎక్కే పెద్ద క్రూజ్ ఓడలో వెళ్తే అంటార్కిటికాను డెక్ మీద నుంచి చూసి వచ్చేయాలి. 450 మంది ఓడ అయితే అయిదు గుంపులుగా వంతులవారీగా దిగాలి. 180 మంది ఓడలో రెండే గుంపులు: ఒక గుంపు ఒడ్డున నడుస్తుంటే ఇంకో గుంపు రబ్బరు బోట్లలో మంచుగడ్డల మధ్య తిరుగుతుంది, తర్వాత అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. 100 లోపు ఓడ అయితే అందరూ ఒకేసారి దిగుతారు, ఎవరి కోసమూ ఎవరూ ఆగనక్కర్లేదు.

ఈ వంతుల సంగతి కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. నాకు అది అనుభవం మీదే తెలిసింది. నా మొదటి అంటార్కిటికా యాత్ర నాలుగు వందల పైచిలుకు మంది ఎక్కే ఓడలో. ఒక ఉదయం మాది నాలుగో గుంపు. ప్యాంటు మీద ప్యాంటు, పైన వాటర్‌ప్రూఫ్, లైఫ్ జాకెట్, గంబూట్లు అన్నీ తొడుక్కుని క్యాబిన్‌లో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మొదటి రెండు గుంపులు దిగాయి, మూడోది సగం దిగింది. అంతలో గాలి తిరిగింది. నీటి మీద తెల్లటి నురగ లేవడం కిటికీలోంచే కనిపించింది. దిగినవాళ్లను వెనక్కి తెచ్చేశారు, మా వంతు రద్దు. అక్కడ గాలిని ఎవరూ ఆపలేరు, ఆ నిర్ణయం సరైనదే. కానీ అదే చిన్న ఓడ అయితే గాలి తిరిగేలోపు మేం దిగి, చూసి, వెనక్కి వచ్చేసి ఉండేవాళ్లం. రెండోసారి 100 లోపు ఓడనే ఎంచుకున్నాను.

చిన్న ఓడలో రోజు ఎలా గడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, తేడా అంతా అక్కడే ఉంది. పొద్దున్నే స్పీకర్‌లో యాత్రా నాయకుడి గొంతుతో మెలకువ వస్తుంది: గాలి ఎంత ఉంది, మంచు ఎలా ఉంది, ఇవాళ అనుకున్న చోటికే వెళ్తున్నామా, మార్చామా. టిఫిన్ అయ్యాక కింద బూట్ల గదికి వెళ్లాలి. దాన్ని ఓడలో అందరూ మడ్ రూమ్ అనే అంటారు. ఎవరి బూట్లు వాళ్ల అరలో ఉంటాయి. వెళ్లేముందు, వచ్చాక బూట్లను క్రిమిసంహారక ద్రావణంలో ముంచాలి. యాత్ర మొదట్లోనే జేబులు, సంచీ మూలలు, వెల్క్రో పట్టీలు అన్నీ వాక్యూమ్ పెట్టి శుభ్రం చేయిస్తారు, వాటిలో ఇరుక్కున్న ఒక్క గడ్డి గింజ అయినా అక్కడి నేలకు చేరకూడదని. 2023 అక్టోబరులో దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి ప్రాంతంలో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక జాగ్రత్తలు ఇంకా బిగించారు: ఒడ్డున కూర్చోవడం, మోకాళ్ల మీద వంగడం, సంచీ నేల మీద పెట్టడం కుదరదు. కెమెరా తీసి మంచులో బోర్లా పడుకుని ఫొటో తీద్దామనుకునేవాళ్లు ఆ ఆశ ఇక్కడే వదిలేసుకోవాలి.

తర్వాత బోటు. జోడియాక్ అంటారు, గాలి నింపిన గట్టి రబ్బరు బోటు, పది పన్నెండు మంది పడతారు. ఓడ పక్కన నిచ్చెన మెట్ల చివర అది కెరటంతో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది. అక్కడ చెయ్యి కలిపినట్టు అరచెయ్యి ఇస్తే ఒప్పుకోరు. నావికుడు మీ ముంజేతిని పట్టుకుంటాడు, మీరు అతని ముంజేతిని పట్టుకోవాలి. చెయ్యి తడిగా ఉన్నా పట్టు జారదు. బోటు పైకి లేచినప్పుడు అతను 'ఇప్పుడు' అంటాడు, అప్పుడే అడుగు వెయ్యాలి. ముందు బోటు అంచు మీదికి, తర్వాత లోపలికి, కూర్చుని జరగాలి. ఒడ్డు దగ్గర అయితే కాళ్లు బయటికి తిప్పి మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి. దిగగానే ముందు తగిలేది పెంగ్విన్ రెట్ట వాసన. క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవులు తిని తిని రెట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఆ మంచంతా చారలు చారలుగా. అయిదు మీటర్ల దూరం మనం పాటించాలి. పెంగ్విన్‌కు మాత్రం ఆ నియమం లేదు. మనం కదలకుండా నిలబడితే అదే నడిచి వచ్చి బూటు వైపు తల వంచి చూస్తుంది.

ఇలాంటివి రోజుకు రెండు, వాతావరణం ఒప్పుకుంటే. మధ్యాహ్నం ఒకటి, ఉదయం ఒకటి. సాయంత్రం అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఆ రోజు చూసినవాటి గురించి మాట్లాడతారు. పక్షుల మనిషి ఒకరు, తిమింగలాల మనిషి ఒకరు, మంచుగడ్డలు చదివిన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒకరు, చరిత్ర చెప్పేవాళ్లు ఒకరు. భోజనాల బల్ల దగ్గర వాళ్లు మన పక్కనే కూర్చుంటారు. చిన్న ఓడలు చాలావాటిలో బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, తలుపు కూడా తెరిచే ఉంటుంది. లోపలికి వెళ్లి కెప్టెన్ వెనక మౌనంగా నిలబడి, మంచులో దారి ఎలా వెతుకుతున్నాడో చూడొచ్చు. పెద్ద క్రూజ్‌లో ఇవేవీ దొరకవు. అక్కడ నాటకశాల, ఈత కొలనులు, దుకాణాలు, నాలుగైదు రకాల భోజనశాలలు ఉంటాయి. చిన్న ఓడలో ఒక భోజనశాల, ఒక హాలు, గ్రంథాల అర ఉన్న ఒక మూల ఉంటే గొప్ప. ఇంటర్నెట్ నెమ్మదిగా రావచ్చు, అసలు రాకపోవచ్చు.

పెద్ద ఓడ నెగ్గే చోట్లు రెండున్నాయి, వాటిని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. మొదటిది ఊగడం. దక్షిణ అమెరికా కొసకూ, అంటార్కిటికా అంచునున్న దక్షిణ షెట్లాండ్ దీవులకూ మధ్య డ్రేక్ జలసంధి 800 కిలోమీటర్ల వెడల్పు. అర్జెంటీనా కొసనున్న ఉషువాయా ఊళ్లో ఎక్కితే దాటడానికి దాదాపు రెండు రోజులు. అదృష్టం బాగుంటే చెరువులా ఉంటుంది, లేకపోతే గ్లాసు బల్ల మీద నిలవదు. పెద్ద ఓడ బరువుకు ఆ కెరటాలు అంతగా తెలియవు. చిన్న ఓడలో కడుపులో తిప్పుతుంది, తిప్పదని ఎవరైనా చెప్తే నమ్మకండి. వాంతులు ఆపే మందు వాంతి వచ్చాక కాదు, కెరటాలు మొదలవకముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే పట్టీలున్నాయి, మాత్రలున్నాయి. ఏది మీకు పడుతుందో డాక్టరును ముందే అడగండి, ముఖ్యంగా వేరే మందులు వాడేవాళ్లు. క్యాబిన్ ఎంచుకునేటప్పుడు పై డెక్ బాల్కనీ కంటే కింది డెక్‌లో, ఓడ మధ్య భాగంలో ఉన్నదే మేలు. ఊగేది అక్కడే తక్కువ, ధర కూడా తక్కువే.

రెండోది వైద్యం. చిన్న ఓడలో సాధారణంగా ఒక డాక్టరు, ఒక చిన్న గది. పెద్ద ఓడలో ఇంకొంచెం సదుపాయం ఉంటుంది. కానీ ఎంత పెద్ద ఓడైనా ఆస్పత్రి కాదు, ఆస్పత్రి ఉన్న ఊరు చాలా దూరం. అందుకే అత్యవసర తరలింపుకు బీమా లేకుండా చాలా సంస్థలు ఎక్కనివ్వవు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెట్లు ఎక్కడం కష్టమైనవాళ్లు తమ సంగతి దాచకుండా ముందే చెప్పాలి. బోటులోకి అడుగు వెయ్యలేనివాళ్లకు చిన్న ఓడ ఇచ్చేదాంట్లో సగం అందదు. అలాంటివాళ్లు, దిగాలన్న పట్టింపు లేని పెద్దవాళ్లు పెద్ద ఓడలో వెచ్చగా కూర్చుని మంచుకొండలు చూడడమే మంచిది. అది తక్కువ రకం యాత్ర అని నేననుకోను.

చిన్న ఓడ అంటే ప్రమాదమా అని అడుగుతారు. 2007 నవంబరు 23న ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ దక్షిణ షెట్లాండ్ దీవుల్లోని కింగ్ జార్జ్ దీవి దగ్గర మంచుకు తగిలి మునిగింది. 1969లో యాత్రల కోసమే ప్రత్యేకంగా కట్టిన ఓడ అది. అందులోని 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. గంటల తరబడి పడవల్లో వణుకుతూ ఉన్నాక నోర్డ్‌నోర్గె అనే మరో యాత్రా ఓడ వచ్చి ఎక్కించుకుంది. 2017 జనవరి 1 నుంచి పోలార్ కోడ్ అమల్లోకి వచ్చింది. ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడలు ఎంత మంచును తట్టుకోగలగాలి, ఎలాంటి రక్షణ సామగ్రి ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. అందుచేత చిన్నదా పెద్దదా అన్నదానికంటే, పాతదా కొత్తదా, మంచును తట్టుకునే తరగతి (ఐస్ క్లాస్) ఉందా అని అడగడం తెలివి.

డ్రేక్ దాటే ఓపిక లేనివాళ్లకు మూడో దారి ఉంది. చిలీలోని పుంటా అరెనాస్ నుంచి కింగ్ జార్జ్ దీవికి విమానంలో రెండు గంటల్లో చేరి అక్కడ చిన్న ఓడ ఎక్కడం. వాంతులు తప్పుతాయి, రోజులు మిగులుతాయి. ఖర్చు పెరుగుతుంది, పొగమంచు పట్టిందంటే విమానం లేవదు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదనుకునేవాళ్లకే అది. నేనైతే సముద్రం మీదే వెళ్తాను. రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ లేక, ఓడ వెనక ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షి రెక్క కదపకుండా వస్తూంటే, మొదటి మంచుకొండ కనపడినప్పుడు డెక్ మీద అందరూ ఒక్కసారి మాట ఆపేస్తారు. విమానంలో అది లేదు.

మిగతా చోట్ల లెక్క కొంచెం మారుతుంది. ఈక్వడార్‌కు చెందిన గలపాగోస్ దీవుల్లో ఓడకు 100 మందే గరిష్ఠం, గైడుకు 16 మంది. అక్కడ అసలు ప్రశ్న 16 మంది పడవా, 100 మంది ఓడా అన్నదే. కడుపు గట్టిగా ఉంటే 16 మందిదే. స్వాల్‌బార్డ్‌లో 2025 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడలు రాకూడదు, దిగడం కూడా గుర్తించిన 43 చోట్లే. ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు దూరం ఉండాలి. కాబట్టి అక్కడ కెమెరా కంటే మంచి బైనాక్యులర్ ముఖ్యం.

డబ్బు సంగతి: రోజుకు లెక్కేస్తే చిన్న ఓడ చాలా ఖరీదు. ఆ తేడా చూసి వెనక్కి తగ్గాలనిపిస్తే పూర్తిగా పెద్ద ఓడకు మారకముందు 150 నుంచి 200 మంది ఎక్కే మధ్యస్థం ఓడలు చూడండి. చాలామందికి సరిపోయేది అదే అని నా అభిప్రాయం: రెండు గుంపులే, ఊగడం కొంచెం తక్కువ, ధర కొంచెం తక్కువ. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు రాసి పంపండి. మొత్తం ఎంతమంది ప్రయాణికులు? ఎన్ని గుంపులుగా దింపుతారు? ఒక్కో గుంపు ఒడ్డున ఎంతసేపు ఉంటుంది? మూడోదానికి గంటల్లో జవాబు రాయకుండా బాల్కనీ ఫొటోలు పంపితే ఇంకో ఓడ చూసుకోండి.