వర్చువల్ డెస్క్‌టాప్ ఏళ్ల తరబడి వాడాక: బాగుంది, కానీ అందరికీ అక్కర్లేదు

ముందే చెప్పేస్తా, ఈ పద్ధతి నాకు ఇష్టమే. కానీ ఆఫీసులో ప్రతి ఒక్కరికీ పూర్తి వర్చువల్ డెస్క్‌టాప్ ఇచ్చేద్దాం అనేవాళ్లతో మాత్రం నాకు కుదరదు. నేను రోజూ దీని మీదే పని చేస్తాను, అడ్మిన్ పనిలోనూ చెయ్యి పెడతాను, అంటే తిట్టేదీ నేనే, తిట్లు తినేదీ నేనే.

వర్చువల్ డెస్క్‌టాప్ అంటే, ప్రోగ్రామ్ ఎక్కడో డేటా సెంటర్లో సర్వర్ మీద నడుస్తుంది, మన మెషీన్‌కి తెర మీద మారిన బొమ్మే వస్తుంది, మన కీబోర్డు, మౌస్ కదలికలు అటు వెళ్తాయి. కొత్త విద్యేం కాదు, సిట్రిక్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 1995లోనే విన్‌ఫ్రేమ్ పేరుతో దీన్ని తెచ్చింది, మైక్రోసాఫ్ట్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0కి టెర్మినల్ సర్వర్ ఎడిషన్ ఇచ్చింది. ఇందులో రెండు దారులున్నాయి. ఒకే సర్వర్ విండోస్‌ని చాలామంది పంచుకుని తమకు కావాల్సిన అప్లికేషన్ మాత్రం తెరుచుకోవడం ఒకటి, ఒక్కొక్కరికీ విడిగా వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన సొంత కంప్యూటర్, ఇచ్చే వీడీఐ రెండోది. అకౌంట్స్, బిల్లింగ్, కస్టమర్ సపోర్ట్ లాంటి పనులకు మొదటిదే చాలు, ఖర్చూ తక్కువ, ఒక్క సర్వర్ మీద ఎక్కువమంది పడతారు. డెవలపర్లు, సొంతంగా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సినవాళ్లకు వీడీఐ. క్యాడ్‌లో డిజైన్లు గీసేవాళ్లయితే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కూడా కావాలి, వాళ్ల లెక్క వేరే.

నచ్చింది ఏమిటంటే, ఆఫీసులో వదిలేసిన విండోలు ఇంట్లో లాగిన్ అయితే అలాగే ఉంటాయి, మధ్యలో నెట్ పోయినా సెషన్ చావదు. ల్యాప్‌టాప్ పోయినా అందులో ఫైళ్లు ఉండవు కాబట్టి టెన్షన్ లేదు. అందరి డెస్క్‌టాప్‌లకూ మూలమైన నమూనా కాపీని గోల్డెన్ ఇమేజ్ అంటారు, అదొక్కదాన్ని అప్‌డేట్ చేస్తే మర్నాటికి అందరికీ కొత్త వెర్షన్ వచ్చేస్తుంది. అయితే ఇమేజ్‌లో ఏదైనా తేడా కొడితే అదీ అందరికీ ఒకేసారి చేరుతుంది, అందుకే పాత ఇమేజ్‌ని వెంటనే చెరపొద్దు.

ఇక అసలు గొడవంతా పొద్దున్న లాగిన్ దగ్గరే. అందరూ ఒకే పావుగంటలో వచ్చి పడతారు, స్టోరేజ్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కులు లేకపోతే కాఫీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ రాదు. ప్రొఫైల్ అంటే ఒక్కొక్కరి సెట్టింగులు, సొంత ఫైళ్లు. ఏ మెషీన్‌కి వెళ్తే అక్కడికి వెంట వచ్చే పాత రోమింగ్ ప్రొఫైళ్లు లాగిన్ అయిన ప్రతిసారీ ఫైళ్లన్నీ కాపీ చేసేవి. ఎఫ్‌ఎస్‌లాజిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌ని ఒక వర్చువల్ డిస్కుగా తగిలిస్తుంది కాబట్టి ఆ కాపీ గోల పోయింది. మైక్రోసాఫ్ట్ 2018లో దాన్ని కొనేసింది. మా దగ్గర జనం సణుగుడు తగ్గింది సర్వర్లు పెంచినప్పుడు కాదు, ప్రొఫైళ్లు సరిచేసినప్పుడు.

నెట్ స్పీడు పెంచితే అంతా బాగవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మీరు కొట్టిన అక్షరం సర్వర్ దాకా వెళ్లి తిరిగొచ్చాకే తెర మీద కనబడుతుంది, ఆలస్యం దూరం వల్ల వస్తోందంటే బ్యాండ్‌విడ్త్ ఎంత కొన్నా తగ్గదు. రానూపోనూ 100 మిల్లీసెకన్ల లోపు ఉన్నప్పుడు నాకు పెద్ద తేడా తెలియలేదు, 150 దాటితే మాత్రం టైపింగ్ విసుగు పుట్టిస్తుంది. వీడియో కాల్ సంగతి ఇంకోలా ఉంటుంది. వీడియోని సర్వర్ విప్పి, మళ్లీ కుదించి మనకు పంపితే ముఖాలు అతుకులతుకులుగా వస్తాయి. ఆ పనిని మన మెషీన్‌కే అప్పజెప్పే ఆఫ్‌లోడ్ సదుపాయం ఉందో లేదో కొనకముందే చూసుకోండి. ప్రింటర్ల గురించి ఇప్పుడు మొదలుపెడితే ఆగను, చాలా రకాల ప్రింటర్లకు ఒక్కటే సరిపోయే యూనివర్సల్ డ్రైవర్ వాడండి, అంతే.

లైసెన్సుల దగ్గరా జాగ్రత్త, ఈ రంగంలో యజమానులు మారుతూనే ఉన్నారు. సిట్రిక్స్ 2022లో ప్రైవేటు పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది. బ్రాడ్‌కామ్ 2023లో వీఎంవేర్‌ని కొన్నాక, వీఎంవేర్ వర్చువల్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ అయిన హొరైజన్ 2024లో ఆమ్నిస్సా పేరుతో వేరే కంపెనీ అయింది. అందుకే చాలా ఏళ్లకు ఒకేసారి ఒప్పందం రాసుకునే ముందు, వేరే దానికి మారాలంటే ఎంతవుతుందో కూడా లెక్కేయించుకోండి.

ట్రయల్ పెట్టేటప్పుడు ఐటీ వాళ్ల మీద కాదు, రెండు మానిటర్లు, ఒక స్కానరు, పాత ఎక్సెల్ మాక్రోలు ఉన్న మనిషి మీద పెట్టండి, అదీ సోమవారం పొద్దున్న.